పాత మియాటాలో చెక్ ఇంజిన్ లైటు, మసకబారిన హెడ్‌లైట్లు: తప్పు ఎక్కడ వెతకాలి?

"అన్నా, ఆక్సిజన్ సెన్సర్ మళ్లీ పోయిందట" అని డాలస్‌లో ఉండే మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. ఏడాదిలో ఇది రెండోసారి. వాడిది 1992 మోడల్ మాజ్దా మియాటా, ఎర్రది, రెండే సీట్లు, పైకప్పు మడిచేసుకునే చిన్న కారు. మొదటిసారి సెన్సర్ మార్పించాక రెండు నెలలు బాగానే తిరిగింది. తర్వాత మళ్లీ డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు, సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోలు వాసన, మైలేజీ పడిపోవడం. "ఇంకోటి కూడా ఉందన్నా, రాత్రిళ్లు హెడ్‌లైట్లు బుడ్డిదీపాల్లా ఉన్నాయి. మొన్ననే కొత్త బల్బులు వేశాను" అన్నాడు. "కొత్త సెన్సర్ కొనకు, శనివారం నేనొస్తున్నా" అని చెప్పి పెట్టేశాను.

ఈ రెండు కంప్లైంట్లకీ సంబంధం లేదని వాడి నమ్మకం. పాత కార్లతో కొన్నాళ్లు గడిపినవాళ్లకి మాత్రం వెంటనే ఒక అనుమానం వస్తుంది. సెన్సరూ బల్బూ బాగానే ఉండి, వాటి దాకా వెళ్లే దారి పాడై ఉంటుందని. ముప్ఫై ఏళ్ల వైర్లు, ముప్ఫై ఏళ్ల కనెక్టర్లు, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టులు. వీటిని ఎవరూ మార్చరు, ఎందుకంటే షాపులో వీటికి పార్ట్ నంబరు అడిగేవాడుండడు. సెన్సరుకైతే పెట్టె ఉంటుంది, ధర ఉంటుంది, అందుకే అదే మారుతూ ఉంటుంది. రోగం ఒకచోట ఉంటే మందు మరోచోట పూసినట్లు డబ్బు పోతూనే ఉంటుంది.

మియాటానే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మాజ్దా దీన్ని మొదట చూపించింది. 1990 నుంచి 1997 మోడళ్ల దాకా వచ్చిన తొలి తరం కార్లు, ఆ పైకి లేచే హెడ్‌లైట్లున్నవి, అమెరికాలో ఇప్పటికీ చాలా తిరుగుతున్నాయి. కారు చాలా సాదాగా ఉంటుంది. మొదట్లో 1.6 లీటర్ల ఇంజిన్, 1994 నుంచి 1.8. సెన్సర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చేతిలో ఒక మల్టీమీటర్, కొంచెం ఓపిక ఉంటే ఇంట్లోనే తప్పు పట్టుకోవచ్చు. అదే పద్ధతి ఆ కాలపు టొయోటా, నిస్సాన్, హోండా స్పోర్ట్స్ కార్లకీ దాదాపు అలాగే పనికొస్తుంది.

ముందు కోడ్ సంగతి చూద్దాం, అంటే ఎక్కడ తేడా కనిపించిందో కారులోని కంప్యూటర్ గుర్తుపెట్టుకునే సంఖ్య. 1996, 97 మోడళ్లకి కోడ్ చదవడానికి ఓబీడీ-2 అనే సాకెట్ ఉంటుంది, చౌక స్కానర్ పెట్టినా చదువుతుంది. అంతకు ముందు కార్లకి అది లేదు. బానెట్ ఎత్తితే ఎడమ పక్కన 'డయాగ్నసిస్' అని రాసిన చిన్న నల్ల డబ్బా ఉంటుంది. మూత తీస్తే లోపలివైపు ఏ పిన్ను ఏదో బొమ్మ గీసి ఉంటుంది. అందులో టీఈఎన్ అనే పిన్నునీ జీఎన్‌డీ అనే పిన్నునీ చిన్న వైరుముక్కతో కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు మిణుకుమంటుంది. పొడుగు మిణుకులు పదులు, పొట్టివి ఒకట్లు. ఒక పొడుగు, ఏడు పొట్టి అంటే 17. మావాడి కారు చెప్పింది అదే.

ఆ సంఖ్యలకి అర్థాలు మాజ్దా వర్క్‌షాప్ పుస్తకంలో ఉంటాయి. 8 అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో మీటర్, 9 అంటే ఇంజిన్‌ని చల్లబరిచే నీటి వేడి చూసే కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్, 12 యాక్సిలరేటర్ ఎంత తొక్కామో చెప్పే థ్రాటిల్ సెన్సర్, 15, 17 ఆక్సిజన్ సెన్సరుకి సంబంధించినవి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కోడ్ 17 వస్తే "ఆక్సిజన్ సెన్సర్ పాడైంది" అని చదువుకుంటారు. నిజానికి ఆ కంప్యూటర్ చెబుతున్నది ఇంతే: ఆక్సిజన్ సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్ మారాల్సినట్టు మారడం లేదు. ఎందుకు మారడం లేదో దానికి తెలియదు. సెన్సర్ చచ్చిపోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు. లేదా సెన్సర్ నిజమే చెబుతూ ఉండొచ్చు, ఇంజిన్‌లో పెట్రోలు పాళ్లు అంత ఘోరంగా తప్పి ఉండొచ్చు. మూడో సందర్భంలో సెన్సర్ మార్చడమంటే ఇల్లు కాలిందని కబురు తెచ్చినవాణ్ణి తిట్టి పంపేయడమే.

ఆక్సిజన్ సెన్సర్ సైలెన్సర్ దారిలో కూర్చుని, వచ్చే పొగలో ఆక్సిజన్ మిగిలిందా లేదా అని చూస్తుంది. బాగా వేడెక్కాక, పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టుల దాకా, తక్కువైతే 0.1 దాకా చూపిస్తూ అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాట చూసి కంప్యూటర్ పెట్రోలు తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. నెలల తరబడి పెట్రోలు ఎక్కువగా కాలితే సెన్సర్ మొన మీద మసి పేరుకుంటుంది. అప్పుడు కొత్త సెన్సర్ అయినా మందగిస్తుంది. మావాడు తీసి దాచిన మొదటి సెన్సర్ నాకు చూపించాడు. మొన పొయ్యి మీద మాడిన గిన్నె అడుగులా, వేలితో రాస్తే నల్లగా అంటుతోంది. స్పార్క్ ప్లగ్గులు విప్పితే నాలుగూ అంతే. అంటే పెట్రోలు ఎక్కువవుతోంది, ఆక్సిజన్ సెన్సర్ దానికి బలైంది. ఇక వెతకాల్సింది పెట్రోలు ఎందుకు ఎక్కువవుతోందన్నది.

పెట్రోలు ఎక్కువ పోయమని కంప్యూటరుకి చెప్పే సెన్సర్లలో నేను మొదట అనుమానించేది కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్‌నే. చలిలో ఇంజిన్ స్టార్ట్ కావాలంటే పెట్రోలు కాస్త ఎక్కువ కావాలి, వేడెక్కాక తగ్గించాలి. ఎంత వేడెక్కిందో చెప్పేది ఈ సెన్సర్. లోపల ఉండేది ఒక చిన్న రెసిస్టర్, వేడి పెరిగేకొద్దీ దాని ఓమ్‌లు, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డం, తగ్గుతాయి. మియాటాలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,450 ఓమ్‌లు, 40 డిగ్రీల దగ్గర వెయ్యీ పదమూడు వందల మధ్య, 80 డిగ్రీల దగ్గర సుమారు 320. కంప్యూటర్ 5 వోల్టులు పంపి, తిరిగి ఎంత వస్తోందో చూసి వేడి అంచనా వేస్తుంది.

కారుకి ఇలాంటివి రెండున్నాయని గుర్తుంచుకోవాలి. రెండు వైర్లున్నది కంప్యూటరుది. ఒక్క వైరున్నది డాష్‌బోర్డులో ముల్లుకి. "టెంపరేచర్ ముల్లు సరిగ్గానే చూపిస్తోంది కదా" అని మావాడు మొదటే అన్నాడు. ఆ ముల్లు వేరే సెన్సర్ మాట వింటుంది. అది సరిగ్గా చూపించినంత మాత్రాన కంప్యూటరుకి సరైన సంగతి అందుతున్నట్టు కాదు.

శనివారం పొద్దున ఏడింటికి, ఇంజిన్ చల్లగా ఉండగా మొదలుపెట్టాం. ఈ సెన్సర్ ఇంజిన్ వెనక, ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ (ఫైర్‌వాల్) వైపు ఉంటుంది, చెయ్యి పట్టడమే కష్టం. కనెక్టర్ ఊడబీకి సెన్సర్ కాళ్ల మీద మీటర్ పెట్టాను. 2,400 ఓమ్‌లు, ఆనాటి చల్లదనానికి సరిగ్గా ఉంది. కనెక్టర్ మళ్లీ తగిలించి, ఈసారి కంప్యూటర్ దగ్గర కొలిచాం. ఈ మోడల్లో కంప్యూటర్ పక్కసీటువాళ్ల కాళ్ల దగ్గర, కార్పెట్ కింద రేకు వెనక ఉంటుంది. బ్యాటరీ తీసేసి, ప్లగ్గు ఊడబీకి అదే రెండు వైర్ల మధ్య చూస్తే 3,300. సెన్సర్ దగ్గర 2,400, కంప్యూటర్ దగ్గర 3,300. మధ్యలో 900 ఓమ్‌లు ఎక్కడినుంచో వచ్చి చేరాయి.

ఈ 900ని కాసేపు ఆగి చూడాలి, ఎందుకంటే అసలు కిటుకంతా ఇందులోనే ఉంది. చల్లగా ఉన్నప్పుడు 2,400కి 900 కలిస్తే కంప్యూటరుకి ఏ పది పన్నెండు డిగ్రీలో ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు ఉన్నది ఇరవై. తేడా చిన్నది, కారు హాయిగా స్టార్టవుతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి సెన్సర్ 320 ఓమ్‌లకి దిగాక, అదే 900 కలిస్తే 1,220. అది 40 డిగ్రీల లెక్క. ఇంజిన్ 80 డిగ్రీల్లో ఉడుకుతుంటే కంప్యూటర్ మాత్రం ఇంకా చలిగానే ఉందనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కనిపించని తప్పు, వేడెక్కేకొద్దీ పెద్దదవుతుంది.

మరి కోడ్ 9 ఎందుకు రాలేదు? వైరు పూర్తిగా తెగితేనో, రెండు వైర్లూ కలిసిపోతేనో మాత్రమే ఆ కాలపు కంప్యూటర్ కోడ్ 9 ఇస్తుంది. 1,220 ఓమ్‌లు అన్నది లోకంలో జరగగలిగే సంఖ్యే, నలభై డిగ్రీల ఇంజిన్ ఉండదా? కాబట్టి అది నమ్మేస్తుంది. అబద్ధం నమ్మదగ్గట్టు ఉంటే పాత కంప్యూటర్ పట్టుకోలేదు. అందుకే తప్పు చేసిన సర్క్యూట్ కోడ్ రాకుండా, నష్టపోయిన సర్క్యూట్ కోడ్ వచ్చింది.

కనెక్టర్ విప్పి టార్చి వేసి చూస్తే ఒక పిన్ను మీద పచ్చగా చిలుము. మన ఇళ్లలో కడగని రాగిచెంబు అడుగున పట్టేదే. రబ్బరు సీలు ఎప్పుడో గట్టిపడి చీలింది, తేమ లోపలికి చేరింది. పిన్ను శుభ్రం చేయడం కంటే, కొత్త పిన్నులున్న కనెక్టర్ ముక్క వేసి సోల్డర్ చేసుకోవడమే మంచిది. చిలుము పట్టిన పిన్ను గీకితే దాని పైపూత కూడా పోతుంది, ఆర్నెల్లలో మళ్లీ పడుతుంది. ఆ ముక్క ఖర్చు కొత్త సెన్సర్ ఖర్చులో చిన్న భాగం.

కంప్యూటర్ దాకా వెళ్లి కొలిచే ఓపిక లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. ఎలక్ట్రానిక్ షాపులో దొరికే 330 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి తీసుకుని, ఇంజిన్ బాగా వేడెక్కాక, సెన్సర్ కనెక్టర్ ఊడబీకి వైర్లవైపు ఆ రెసిస్టర్ తగిలించి చూడాలి. ఐడిలింగ్ కుదుటపడి పెట్రోలు వాసన తగ్గితే వైరు బాగున్నట్టు, తప్పు సెన్సర్‌ది. ఏమీ మారకపోతే తప్పు వైరులోనో కనెక్టర్లోనో మరోచోటో. చల్లటి ఇంజిన్ మీద మాత్రం ఇది చేయకూడదు, స్టార్ట్ కాక ఇబ్బంది పెడుతుంది.

మిగతా సెన్సర్ల గురించి అంత చెప్పక్కర్లేదు, కానీ రెండు మూడు చోట్ల జాగ్రత్త. 1.6 ఇంజిన్‌లో ఎయిర్‌ఫ్లో మీటర్ ఒక రేకు తలుపు లాంటిది. గాలి తోస్తే తెరుచుకుంటుంది, ఎంత తెరుచుకుందో దాన్నిబట్టి గాలి లెక్క. పెట్రోలు పంపు స్విచ్చి కూడా దాంట్లోనే ఉంటుంది, కాబట్టి ఇంజిన్ స్టార్టై వెంటనే ఆగిపోతుంటే పంపు మార్చేముందు ఈ తలుపు వైపు చూడాలి. డయాగ్నసిస్ డబ్బాలో ఎఫ్/పీ అనే పిన్నుని జీఎన్‌డీకి కలిపితే పంపు నేరుగా తిరుగుతుంది. అలా తిప్పినప్పుడు కారు ఆగకుండా నడిస్తే పంపుది తప్పు కాదు. మీటర్ తర్వాత ఇంజిన్ వైపు వెళ్లే రబ్బరు గొట్టం మడతల్లో చీలుతుంది. చీలికలోంచి దూరిన గాలి లెక్కకి రాదు, ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది, ఐడిలింగ్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఆ గొట్టాన్ని చేత్తో వంచి చూస్తే గాని చీలిక కనిపించదు.

థ్రాటిల్ సెన్సర్ విషయంలో చాలామంది మోసపోతారు. 1.6 మాన్యువల్ గేర్ కారులో అది వట్టి స్విచ్చే. కాలు పూర్తిగా తీశామా, పూర్తిగా తొక్కామా అన్న రెండే సంగతులు చెబుతుంది. మధ్యలో వోల్టేజీ నెమ్మదిగా పెరగడం లేదని "సెన్సర్ పోయింది" అనుకోకూడదు, దాని పనే అంత.

ఇంజిన్ వెనక గుండ్రంగా ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్, ఇంజిన్ తిరుగుడు ఎక్కడిదాకా వచ్చిందో కంప్యూటరుకి చెప్పేది, లోపల చాలా గట్టిది, అరుదుగా పోతుంది. కానీ దాని ఓ-రింగ్ ఎండిపోయి ఆయిలు కారుతుంది, గేర్‌బాక్స్ మీద పడుతుంది. చూసేవాళ్లు ఇంజిన్ వెనక సీలు పోయిందని గేర్‌బాక్స్ దింపించిన సందర్భాలున్నాయి. ఓ-రింగ్ మార్చాలంటే ముందు సెన్సర్ ఎక్కడ కూర్చుందో పెయింటుతో గీత పెట్టుకోవాలి. బిగించాక టీఈఎన్, జీఎన్‌డీ కలిపి టైమింగ్ లైట్‌తో 10 డిగ్రీలు సరిచూడాలి (టైమింగ్ అంటే స్పార్క్ పడే సమయం). సెన్సర్‌ని చివరిదాకా తిప్పినా టైమింగ్ కుదరకపోతే, పైగా కారు 1990 లేదా 1991 తొలి నెలలదైతే, సెన్సర్‌ని వదిలేసి ఇంజిన్‌ని తిప్పే ఇరుసు, క్రాంక్, ముందుభాగం చూడాలి. ఆ తొలి ఇంజిన్లలో క్రాంక్ ముక్కు పొట్టిది, పుల్లీ బోల్టు సరిగ్గా బిగించకపోతే కీ ఉండే గాడి అరిగి పుల్లీ ఊగుతుంది, టైమింగ్ జారిపోతుంది. అది సెన్సర్లతో తీరే జబ్బు కాదు.

ఆయిల్ ప్రెషర్ ముల్లు గురించి కూడా ఒక మాట. 1994 వరకు ఉన్న కార్లలో అది నిజమైన గేజ్. ఇంజిన్ స్పీడును బట్టి, వేడిని బట్టి కదులుతుంది. సిగ్నల్ దగ్గర కిందికి దిగితే కొత్తగా కొన్నవాళ్లు టెన్షన్ పడతారు, అది మామూలే. 1995 నుంచి మాజ్దా దాన్ని వట్టి స్విచ్చి చేసేసింది, ప్రెషర్ కొంచెమున్నా ముల్లు మధ్యలో నిలబడిపోతుంది. నా మటుకు కదిలే ముల్లే నచ్చుతుంది.

ఇక హెడ్‌లైట్లు. కరెంటు సంగతి ఇంకా బాగా కనిపించేది ఇక్కడే.

పల్లెల్లో పెరిగినవాళ్లకి లో వోల్టేజీ కొత్తగా చెప్పక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో బల్బు భగ్గుమని వెలుగుతుంది, వీధి చివరింట్లో అదే బల్బు ఎర్రగా మినుకుతుంది. సాయంత్రం పొలం మోటార్లు వేస్తే ఇంకా దిగుతుంది. అర్ధరాత్రి మోటార్లు ఆగాక ఆ చివరింట్లోనూ బల్బు బాగానే వెలుగుతుంది. తీగలో కరెంటు పారేటప్పుడే నష్టం, పారనప్పుడు నష్టమేమీ కనిపించదు. పాత కారు హెడ్‌లైటు ఆ చివరిల్లు.

అమెరికా మియాటాలకి కంపెనీ ఇచ్చింది 7 అంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్, హెచ్6024 రకం. గాజూ, అద్దమూ, ఫిలమెంటూ అన్నీ కలిపి ఒకే ముక్క, పోతే మొత్తం మార్చాలి. డిప్పర్‌లో 35 వాట్లు, బ్రైట్‌లో 65. మా బాబాయి కొడుకు, చాలామందిలాగే, దాన్ని తీసేసి బల్బు విడిగా మార్చుకునే హెచ్4 లైటు వేయించుకున్నాడు. అది డిప్పర్‌లో 55 వాట్లు, బ్రైట్‌లో 60. మంచి మార్పే, కానీ డిప్పర్‌లో కరెంటు ఒకటిన్నర రెట్లు దాటింది. వైర్లు, స్విచ్చులు మాత్రం 1992 నాటివే.

ముందు వాడు చేసిన పరీక్ష చెబుతాను. బల్బు ఊడబీకి, సాకెట్‌లో మీటర్ పెట్టి చూశాడు. దాదాపు 14 వోల్టులు వచ్చాయి. "కరెంటు బాగానే వస్తోందన్నా, బల్బులే నాసిరకం" అన్నాడు. బల్బు తీసేస్తే కరెంటు పారదు, పారకపోతే నష్టం ఉండదు, మీటర్ నిండుగానే చూపిస్తుంది. అర్ధరాత్రి చివరింట్లో బల్బు వెలిగినట్టే. బల్బు తగిలించి, వెలుగుతుండగా, సాకెట్ వెనకనుంచి సన్నటి పిన్ను దూర్చి కొలవాలి.

అలా కొలిస్తే, ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ దగ్గర 13.9, బల్బు కాళ్ల మధ్య 12.4. ఒకటిన్నర వోల్టు దారిలో పోయింది. దాన్ని రెండుగా విడదీయాలి. మీటర్ ఒక కాలు ఆల్టర్నేటర్ ప్లస్ మీద, రెండోది బల్బు ప్లస్ మీద పెడితే వచ్చేవైపు నష్టం 0.9. ఒక కాలు ఆల్టర్నేటర్ బాడీ మీద, రెండోది బల్బు మైనస్ కాలి మీద పెడితే వెళ్లేవైపు నష్టం 0.6. రెండూ కలిపి అర వోల్టు లోపు ఉంటే నేను ఊరుకుంటాను. ఆ కాలపు జపాన్ కార్లు కొన్నింటిలో స్విచ్చి ఎర్త్‌వైపు ఉంటుంది కాబట్టి ఏ వైరు ఏదో వైరింగ్ బొమ్మ చూసుకున్నాకే మీటర్ పెట్టాలి.

12.4కి 13.9కి తేడా పదకొండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బు వెలుతురు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్ఫై శాతం తగ్గుతుంది. మావాడి కారులో మూడో వంతు వెలుతురు దారిలోనే ఆవిరైపోతోంది. మిగిలింది కూడా పసుపుపచ్చగా. ఇంతకంటే మంచి బల్బు వేసినా అదే గతి. ఇలాంటప్పుడు కొందరు 100 వాట్ల బల్బులు పెడతారు. కరెంటు ఇంకా పెరుగుతుంది, నష్టం ఇంకా పెరుగుతుంది, చివరికి సాకెట్ ప్లాస్టిక్ కరుగుతుంది. ఆ పని చేయొద్దని గట్టిగా చెబుతాను.

సెన్సర్ దగ్గర ఓమ్‌లు కొలిచి, ఇక్కడ వోల్టులు ఎందుకు కొలుస్తున్నామని వాడు అడిగాడు. మంచి ప్రశ్న. సెన్సర్ వైర్లలో పారేది ఆంపియర్‌లో వెయ్యో వంతు లెక్కలో ఉండే సన్నటి కరెంటు, అక్కడ వందల ఓమ్‌లు చేరితేనే తేడా. అంత పెద్దవాటిని మీటర్ సులువుగా పట్టుకుంటుంది. హెడ్‌లైటులో ఒక్కో బల్బుకి 4, 5 ఆంపియర్లు పారతాయి, అక్కడ ఓమ్‌లో మూడో వంతు చాలు ఒకటిన్నర వోల్టు మింగడానికి. ఓమ్‌లో మూడో వంతుని మామూలు మీటర్ నమ్మకంగా చూపలేదు, దాని సొంత తీగలకే కొంత ఉంటుంది. కరెంటు పారుతుండగా వోల్టులు కొలిస్తే ఆ చిన్న అడ్డం కూడా దాగలేదు.

ఎర్త్‌వైపు 0.6 సులువుగా తీరింది. బాడీకి బిగించిన బోల్టు విప్పి, కింద తుప్పు, పెయింటు గీకేసి, కొత్త నక్షత్రపు వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు రాశాం. 0.1కి దిగింది. వచ్చేవైపు నష్టం స్టీరింగ్ పక్క స్విచ్చిలోనూ, సన్నటి పాత వైర్లలోనూ ఉంది. దానికి మందు రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చులు. మెయిన్ ఫ్యూజ్ నుంచి 12 గేజ్ మందం వైరు, మొదట్లోనే ఒక ఫ్యూజ్, అక్కణ్నుంచి రిలే మీదుగా నేరుగా బల్బుకి. పాత వైరు ఇక రిలేని ఆన్ చేయడానికే, దాని మీద బరువుండదు. డిప్పర్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. మళ్లీ కొలిస్తే బల్బు దగ్గర 13.6.

కొందరికి ఇందుకు వ్యతిరేకమైన సమస్య, బల్బులు నెలకొకటి చొప్పున మాడిపోతుంటాయి. అప్పుడు ఆల్టర్నేటర్ వోల్టేజీ చూడాలి. 14.5 దాటి 15 దాకా పోతుంటే దాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే. వెలుతురు ఎంత వేగంగా పెరుగుతుందో, బల్బు ఆయుష్షు అంతకంటే వేగంగా తరుగుతుంది, పది శాతం వోల్టేజీ పెరిగితే బల్బు మూడో వంతు కాలమే బతుకుతుంది. మియాటాకి ఇంకో ప్రమాదం ఉంది. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, ఎక్కువ చార్జయితే ఆమ్లపు ఆవిరి అక్కడి రేకుని తినేస్తుంది. గాలి బయటికి పంపే గొట్టం ఉన్న బ్యాటరీనే వేయాలి. ఇక హాలోజెన్ బల్బు గాజుని చేత్తో ముట్టుకోకూడదన్నది చాదస్తం కాదు. వేలి జిడ్డు అంటినచోట గాజు ఎక్కువ వేడెక్కి పాడవుతుంది. కాగితంతో పట్టుకోవాలి.

ఎల్ఈడీ బల్బు పెట్టేస్తే ఈ గొడవంతా ఎందుకని అడుగుతారు. హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, డిప్పర్ ఫిలమెంటు కింద చిన్న లోహపు గరిట. ఆ గరిట వల్ల వెలుతురు అద్దం పైసగం మీదే పడి, కిందికి వంగి రోడ్డు మీదికి పోతుంది. ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా ఆపేది అదే. ఎల్ఈడీలో చిప్పులు ఆ ఫిలమెంటు ఉన్న చోటే, అంత సన్నగా ఉండవు, వెలుతురు చెల్లాచెదురవుతుంది. గోడ మీద చూస్తే తెల్లగా బ్రహ్మాండంగా ఉంటుంది, రోడ్డు మీద దూరం కనిపించదు.

ఇక్కడ మనవాళ్లు ప్రత్యేకంగా చేసే పొరపాటు ఒకటుంది. 7 అంగుళాల గుండ్రటి హెచ్4 లైటు అంటే మన బుల్లెట్ బండికీ, పాత జీపుకీ ఉండేదే. హైదరాబాద్‌లో చౌకగా దొరుకుతుంది కదా అని నా స్నేహితుడొకడు సూట్‌కేసులో రెండు పెట్టుకొచ్చాడు. కొలతలు సరిగ్గా సరిపోయాయి, బిగిసింది, వెలిగింది కూడా. కానీ మనదేశంలో ఎడమవైపు నడుపుతాం, కాబట్టి ఆ లైటు గాజు ఎడమ పక్కకి కాస్త పైకి వెలుతురు విసిరేలా చేస్తారు, రోడ్డు అంచున నడిచేవాళ్లు కనిపించడానికి. అమెరికాలో ఎడమపక్క ఎదురుగా వచ్చే కార్లుంటాయి. ఆ వెలుతురు నేరుగా వాళ్ల కళ్లలోకి. తీసేయించాను. జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మిన ఇదే కారుని, 25 ఏళ్లు దాటాయి కాబట్టి ఇప్పుడు అమెరికాకి తెచ్చుకుంటున్నారు. వాటి లైట్లకీ అదే సమస్య, జపాన్ కూడా ఎడమవైపే నడుపుతుంది. లైటు కొనేటప్పుడు ఏ దేశపు రోడ్డు కోసం చేశారో చూసి, అమెరికాలో అయితే డీవోటీ (అక్కడి రవాణా శాఖ) ముద్ర ఉన్నదే తీసుకోవాలి.

లేచే లైట్ల సంగతితో ముగిస్తాను. ఒక కన్ను తెరిచి ఒక కన్ను మూసిన మియాటాని చూస్తే అందరికీ ముద్దొస్తుంది, రాత్రి హైవే మీద మాత్రం కాదు. ఒక్కో లైటుకి ఒక్కో మోటారు. మోటారు ఒకేవైపు తిరుగుతుంది, అర చుట్టు తిరిగితే లైటు పైకి, ఇంకో అర చుట్టు తిరిగితే కిందికి. అర చుట్టు దగ్గర ఆపేది మోటారులోని రాగి పళ్లెం, దాన్ని తాకే చిన్న కాంటాక్టులు. లోపలి గ్రీజు ఎండి కాంటాక్టులు నల్లబడితే లైటు మధ్యలో ఆగుతుంది, లేదా ఆగకుండా లేస్తూ పడుతూ ఉంటుంది. రెండూ లేవకపోతే ముందు ఈ మోటార్లకి కరెంటు ఇచ్చే రిట్రాక్టర్ ఫ్యూజ్, తర్వాత రిలే చూడాలి. ఒక్కటే లేవకపోతే ఆ మోటారు కనెక్టర్ దగ్గర కరెంటు వస్తోందో లేదో కొలిస్తే మోటారుదా, వైరుదా తేలిపోతుంది. లైటు లేచాక గతుకుల్లో వణుకుతుంటే లివర్ల కీళ్లలో బుష్‌లు అరిగాయన్నమాట. మోటారు మంచిదే.

ఏది పాడైనా దారిలో చిక్కుకుపోకుండా మాజ్దావాళ్లు ప్రతి మోటారు పైన ఒక గుండ్రటి మర పెట్టారు, రబ్బరు టోపీ కింద. టోపీ తీసి చేత్తో తిప్పుతూ పోతే లైటు నెమ్మదిగా లేస్తుంది. తిప్పేముందు రిట్రాక్టర్ ఫ్యూజ్ తీసేయాలి. మోటారుకి అప్పుడే కరెంటు అందితే వేళ్లు మధ్యలో ఇరుక్కుంటాయి. మా బాబాయి కొడుక్కి ఆ మర ఎక్కడుందో ఆ రోజే తెలిసింది. చీకటి పడ్డాక 25 అడుగుల దూరంలో గోడకి ఎదురుగా కారు పెట్టి, టేపు అంటించి, రెండు లైట్ల ఎత్తూ సరిచేశాం. ఎడమది రెండంగుళాలు పైకుంది, స్క్రూ తిప్పి దించాం. అప్పటికి ఇంజిన్ ఇరవై నిమిషాలుగా నడుస్తోంది, పెట్రోలు వాసన లేదు.